మోవర్ రిపేరు డైరీ: తెగాల్సిన బోల్టు తెగనప్పుడు

మొదటి రోజు, సాయంత్రం

ట్రాక్టరు వెనక తగిలించే మా గడ్డి మోవర్ ఈ రోజు మధ్యాహ్నం మొద్దుకు తగిలింది. నడుపుతున్నది తమ్ముడు. ఎప్పుడో కొట్టేసిన చెట్టు తాలూకు మొద్దు, నడుము ఎత్తు గడ్డిలో జానెడు మిగిలి ఉంది. పైనుంచి కనబడే అవకాశమే లేదు. ధడేల్‌మన్న చప్పుడు నాకు గట్టు మీదికి వినిపించింది. వాడు వెంటనే పీటీఓ (ట్రాక్టరు ఇంజిను శక్తిని వెనక యంత్రానికి అందించే తిరిగే షాఫ్టు) ఆపేశాడు. ఒక నిమిషం ఆగి మళ్లీ వేస్తే బ్లేడ్లు తిరిగాయి. తిరుగుతున్నాయి కదా అని ఇంకో పది నిమిషాలు కోశాడు. ఈలోగా సీటు కింద అదురు మొదలైంది, గేర్‌బాక్స్‌లో గరగర. అప్పుడు ఆపి వచ్చాడు.

"అన్నా, బ్లేడు వంగినట్టుంది" అన్నాడు.

బ్లేడు ఒక్కటే అయితే గంట పని. నాకు మాత్రం వేరే అనుమానం పట్టుకుంది. అంత గట్టిగా తగిలాక కూడా బ్లేడ్లు ఎలా తిరిగాయి?

మా మోవర్ సంగతి ముందు చెప్పాలి. కోత వెడల్పు 1.5 మీటర్లు. పీటీఓ నిమిషానికి 540 చుట్లు తిరిగితే గేర్‌బాక్స్ ఆ వేగాన్ని 1.47 రెట్లు పెంచి కిందికి మళ్లిస్తుంది. అంటే బ్లేడ్లు నిమిషానికి దాదాపు 794 చుట్లు. కొన దగ్గర లెక్కేస్తే సెకనుకు 62 మీటర్లు, గంటకు 220 కిలోమీటర్ల పైమాటే. ఆ వేగంతో పోయే ఇనుము మొద్దుకు తగిలి ఆగిపోతే, ఆ దెబ్బ ఎక్కడో ఒకచోట దిగాలి. ఎక్కడ దిగాలో తయారుచేసినవాళ్లు ముందే నిర్ణయించి పెట్టారు. పీటీఓ షాఫ్టు యోక్‌నూ (షాఫ్టు చివర రెండు చెవులతో ఉండే ముక్క) గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టునూ కలిపే చోట అడ్డంగా ఒక షియర్ బోల్టు ఉంటుంది. దెబ్బ తగిలితే అది తెగిపోవాలి, యోక్ ఖాళీగా తిరగాలి, మిగతావన్నీ బతకాలి.

ఇంజిను ఆపి, తాళం చెవి తీసి జేబులో వేసుకుని వెనక్కి వెళ్లి చూశాను. బోల్టు చెక్కుచెదరలేదు. తల మీది మట్టి తుడిస్తే 10.9 అని అంకెలు కనబడ్డాయి.

మాన్యువల్ అడిగేది 4.6 గ్రేడు. ఈ అంకెలకు అర్థం చాలా సూటిగా ఉంటుంది. చుక్కకు ముందున్న అంకెను వందతో గుణిస్తే బోల్టు తట్టుకునే బలం మెగాపాస్కల్స్‌లో వస్తుంది. 4.6 అంటే 400, 10.9 అంటే 1000. కావలసినదానికంటే రెండున్నర రెట్లు గట్టిది అక్కడ కూర్చుని ఉంది.

ఆ బోల్టు వేసింది నేనే. పోయిన సీజన్లో పని మధ్యలో అసలుది తెగింది, డబ్బాలో ఇది కనబడింది, సైజు సరిపోయింది. రేపు మారుద్దాం అనుకున్నాను, మార్చలేదు. ఈ రిపేరు మొత్తం ఆ మాటతో మొదలుపెట్టాలని ఈ డైరీలో మొదటి పేజీలోనే రాస్తున్నాను. మొద్దు దెబ్బను బోల్టు తీసుకోలేదు కాబట్టి, అది ఏయే భాగాల్లో దిగిందో ఒక్కొక్కటీ విప్పి వెతకాలి. పైకి కనబడిన పగులుకు వెల్డింగు చేసి పంపిస్తే ఇంకో నెలలో ఇంకోటి పోతుంది.

రెండో రోజు

విప్పడం మొదలుపెట్టాం. పొద్దున్నే తమ్ముడు మోవర్‌ను లిఫ్టు మీద ఎత్తి, కిందికి దూరబోయాడు. ఆపాను. హైడ్రాలిక్ లిఫ్టు బరువు ఎత్తడానికే, పట్టుకుని నిలబెట్టడానికి కాదు. ఒక పైపు పగిలినా, ఎవరి చెయ్యి లివర్‌కు తగిలినా వందల కిలోల ఇనుము ఒక్క క్షణంలో కిందికి వస్తుంది. నాలుగు మూలలా గట్టి స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించాకే కింద చెయ్యి పెట్టనిచ్చాను. ఇటుకలు పెట్టొద్దు, ఒత్తిడికి పొడి అయిపోతాయి.

మోవర్‌ను నిలువుగా లేపి కట్టేద్దాం అనుకున్నాం కానీ, అంతకంటే ముందు గేర్‌బాక్స్ ఆయిల్ తీసేయాలి. లేకపోతే గాలి రంధ్రం గుండా అంతా నేల మీదికి కారుతుంది. డ్రెయిన్ ప్లగ్గు విప్పగానే నా గుండె కొంచెం జారింది. నల్లగానో తేనె రంగులోనో రావాల్సిన ఆయిల్ బూడిద తెలుపులో, పాలు కలిసినట్టు వచ్చింది. నీళ్లు దిగాయి. ఒక అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి ఆయిల్‌లో తిప్పి తీస్తే మెత్తటి నల్లటి బూజులాంటిది అంటుకుంది. అంతవరకు ఫర్వాలేదు, అది మామూలు అరుగుదల. రేకులు, ముక్కలు రాలేదు. పళ్లు విరగలేదన్న ఆశ మిగిలింది.

ఆయిల్ తీశాక చైన్ పుల్లీతో మోవర్ ముందు అంచు మీద నిలబెట్టి, రెండు వైపులా గొలుసులు వేసి స్తంభానికి బిగించాం. కింది భాగమంతా ఎండి గట్టిపడిన గడ్డి, మట్టి. గీకుతుంటే రేకు మీద తుప్పు పొరలు పొరలుగా ఊడింది. తడి గడ్డిని అలాగే వదిలేస్తే లోపలినుంచి తినేస్తుందని తెలిసీ పోయిన సీజను చివర కడగలేదు. గీకి, నీళ్లతో కడిగి, ఆరబెట్టాం. ప్రెషర్ వాషర్ మాత్రం సీల్స్ (ఆయిల్ కారకుండా షాఫ్టు చుట్టూ పెదవితో ఆని ఉండే రింగులు) మీద, బేరింగుల మీద కొట్టొద్దని తమ్ముడికి చెప్పాను. ఆ ఒత్తిడికి నీళ్లు సీల్ పెదవి దాటి లోపలికి పోతాయి.

కడిగాక ఒక్కొక్కటీ బయటపడ్డాయి. ఒక బ్లేడు కొన పైకి వంగి ఉంది. గేర్‌బాక్స్ కూర్చునే చోట రేకులో అరచేతి పొడవున పగులు. గేర్‌బాక్స్ బిగించే నాలుగు బోల్టుల్లో రెండు చేత్తో కదులుతున్నాయి.

మూడో రోజు: బ్లేడ్లు

మా మోవర్లో బ్లేడ్లు నేరుగా షాఫ్టుకు ఉండవు. మధ్యలో ఒక గుండ్రటి పళ్లెం, దాని రెండు చివర్లలో బోల్టు మీద వేలాడే రెండు బ్లేడ్లు. తిరిగే వేగానికి అవి బయటికి చాచుకుంటాయి. గట్టి వస్తువు తగిలితే వెనక్కి ముడుచుకోవాలి. పళ్లెం అడుగు వంపు తిరిగి ఉంటుంది, మొద్దు మీదికి ఎక్కి జారి పోవడానికి.

వంగిన బ్లేడును చేత్తో ఊపబోతే కదల్లేదు. రెండోది గడియారం లోలకంలా ఊగింది. ఇదే అసలు చిక్కు. మొద్దు తగిలినప్పుడు ముడుచుకోవాల్సిన బ్లేడు తుప్పుతో, మట్టితో బిగుసుకుపోయి గునపంలా నిలబడింది. బోల్టు తెగలేదు, బ్లేడు ముడుచుకోలేదు. తప్పించుకునే రెండు దారులూ మూసుకుపోయి ఉన్నాయి.

నట్టు విప్పడానికి పానాకు పొడవాటి పైపు తొడగాల్సి వచ్చింది. బోల్టు బయటికి వచ్చాక చూస్తే దాని మెడ ఒకవైపు అరిగి కోడిగుడ్డు ఆకారంలో ఉంది. పళ్లెంలో రంధ్రం మాత్రం గుండ్రంగానే ఉంది, అదృష్టం. రంధ్రం పోయి ఉంటే పళ్లెం మొత్తం మార్చాల్సి వచ్చేది.

తమ్ముడు వంగిన బ్లేడును కాల్చి, సుత్తితో సరిచేద్దాం అన్నాడు. చాలామంది అదే చేస్తారు. నేను ఒప్పుకోను. ఈ బ్లేడ్ల ఉక్కును వేడిచేసి, చల్లార్చి ఒక లెక్క ప్రకారం గట్టితనం ఇస్తారు. మళ్లీ కాలిస్తే ఆ చోట మెత్తబడుతుంది, లేదా పెళుసవుతుంది. చల్లగా ఉన్నప్పుడే కొట్టి సరిచేస్తే కంటికి కనబడని పగులు మిగులుతుంది. వెల్డింగు కూడా అంతే. గంటకు 220 కిలోమీటర్ల వేగంతో తిరిగేటప్పుడు ఆ ముక్క ఊడితే తుపాకీ గుండులా పోతుంది. వంగిన బ్లేడు, పగిలిన బ్లేడు తుక్కులోకే.

ఒక్కటే మార్చకూడదు, జంటగా మార్చాలి. ఎందుకో తమ్ముడికి చూపించడానికి పాత రెండు బ్లేడ్లూ కాటా మీద పెట్టాను. వంగిందానికీ రెండోదానికీ 140 గ్రాముల తేడా. చాలాకాలంగా ఒకటి ఎక్కువ అరిగింది. 140 గ్రాములంటే చేతిలో ఏమంత అనిపించదు. కానీ ఆ తేడా కొన దగ్గర, మధ్య నుంచి 70 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుని, సెకనుకు 13 చుట్ల వేగానికి లెక్క వేస్తే దాదాపు 680 న్యూటన్ల లాగుడు వస్తుంది. సుమారు 69 కిలోల బరువు గేర్‌బాక్స్‌ను పట్టుకుని ఒక్క సెకనులో 13 సార్లు అన్ని దిక్కులకూ గుంజుతున్నట్టు. కాగితం మీద ఆ అంకె చూశాక, వదులైన బోల్టులూ పగిలిన రేకూ ఒక్క మొద్దు దెబ్బతో వచ్చినవి కావని తేలిపోయింది. మొద్దు చివరి దెబ్బ మాత్రమే. అంతకుముందు గంటలకొద్దీ ఈ అదురు తన పని చేసుకుంటూ వచ్చింది.

కొత్త బ్లేడ్ల జంటను కూడా కాటా మీద పెట్టి చూశాను. తేడా 10 గ్రాముల లోపే. కొత్త బోల్టులు, కొత్త లాక్ నట్లు. బ్లేడు తిరిగే దిశ చూసుకుని పెట్టాలి, పదును ఉన్న అంచు ముందుకు పోవాలి. టార్క్ రెంచితో (ఎంత బలంగా బిగిస్తున్నామో చూపే పానా) మాన్యువల్ చెప్పినంత బిగించాక బ్లేడు చేత్తో ఊపితే ఊగాలి. బోల్టుకు మెడ ఉంటుంది కాబట్టి నట్టు ఎంత బిగించినా బ్లేడు బిగుసుకోకూడదు. బిగుసుకుందంటే ఏదో తప్పుగా కూర్చుంది.

పదును గురించి ఒక మాట. ఇలాంటి మోవర్ బ్లేడుకు కత్తి పదును అక్కర్లేదు. అంచు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం మిగిలేలా, మొదట ఉన్న వాలులోనే రాయాలి. పల్చగా చేస్తే మొదటి రాయికే పెచ్చులు ఊడుతుంది. గ్రైండరుతో ఒకేచోట ఎక్కువసేపు ఆపితే అంచు నీలం రంగుకు తిరుగుతుంది. అలా నీలం పడిందంటే గట్టితనం పోయినట్టే.

నాలుగో రోజు: పీటీఓ షాఫ్టు

షాఫ్టును రెండు ముక్కలుగా లాగబోతే రాలేదు. ఒకదానిలో ఒకటి జారాల్సిన రెండు గొట్టాలు పట్టేసుకుని ఉన్నాయి. డీజిల్ పోసి, అరగంట ఆగి, చెక్క దిమ్మె పెట్టి సుత్తితో తడితే ఊడింది. లోపలి గొట్టం చివర పుట్టగొడుగులా చితికి ఉంది.

ఆ చితుకుడు చూడగానే అర్థమైంది. రెండు నెలల క్రితం మా ట్రాక్టరు రిపేరులో ఉంటే ఈ మోవర్‌ను వేరే ట్రాక్టరుకు తగిలించాం. ఆ ట్రాక్టరుకు పీటీఓకూ లిఫ్టు చేతులకూ మధ్య దూరం తక్కువ. మోవర్‌ను పైకి ఎత్తిన ప్రతిసారీ షాఫ్టు లోపలికి పూర్తిగా దిగి, ఇంక దిగే చోటు లేక గేర్‌బాక్స్‌ను గుద్దింది. ఆ తోపుడు అటు గేర్‌బాక్స్ బేరింగు మీద, ఇటు ట్రాక్టరు పీటీఓ బేరింగు మీద పడుతుంది. ట్రాక్టరు మారినప్పుడల్లా షాఫ్టు పొడవు చూసుకోవాలి. మోవర్‌ను కింది నుంచి పై దాకా నెమ్మదిగా ఎత్తుతూ, షాఫ్టు బాగా దగ్గరయ్యే స్థానంలో ఇంకా కనీసం 25 మిల్లీమీటర్లు జారే చోటు మిగలాలి. బాగా దూరమయ్యే స్థానంలో గొట్టాలు ఒకదానిలో ఒకటి కనీసం మూడో వంతు పొడవైనా ఉండాలి. మేము అప్పుడు రెండూ చూడలేదు, పీటీఓ పట్టింది కదా అని పని మొదలుపెట్టాం.

చితికిన చివరను కోసేశాను. లోపలి గొట్టం ఎంత కోస్తే బయటి గొట్టం, రెండు ప్లాస్టిక్ తొడుగులూ అంతే కోయాలి. మా ట్రాక్టరుకు కొలిచి చూసుకున్నాకే కోశాను. కోసిన అంచులను ఆకురాయితో లోపలా బయటా నున్నగా రాశాను. మళ్లీ కలిపేటప్పుడు రెండు యోకుల చెవులు ఒకే వరుసలో ఉండాలి. ఒక గాడి తప్పి కలిపితే షాఫ్టు ఒక చుట్టులోనే ఓసారి వేగంగా, ఓసారి నెమ్మదిగా తిరిగి అదురుతుంది. విప్పే ముందే రెండు గొట్టాల మీదా సుద్దతో గీత గీసి పెట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

క్రాస్ జాయింట్లలో (షాఫ్టు వంగి ఉన్నా తిరిగేలా యోకులను కలిపే ప్లస్ గుర్తు ఆకారపు కీళ్లు) గేర్‌బాక్స్ వైపుది పోయింది. సర్‌క్లిప్పులు తీసి, వైస్‌లో సాకెట్ పెట్టి కప్పును నొక్కితే బయటికి వచ్చింది. కప్పు లోపల గ్రీజు లేదు. ఇటుక రంగు పొడి రాలింది. సూదుల్లాంటి చిన్న రోలర్లు క్రాస్ మీద పక్కపక్కనే గాట్లు పెట్టాయి, గోటితో రాస్తే దువ్వెన పళ్లలా తగులుతున్నాయి. గ్రీజు ఎక్కించే నిపుల్ మీద మట్టి గట్టిగా పట్టి ఉంది. అంటే మేము గ్రీజు గన్ నొక్కిన ప్రతిసారీ గ్రీజు బయటికి కారిపోయిందే తప్ప లోపలికి దిగలేదు.

కొత్త క్రాస్ వేశాను. గ్రీజు నాలుగు కప్పుల అంచుల నుంచీ కొద్దిగా బయటికి తొంగిచూసే దాకా కొట్టాను. ఒక కప్పు నుంచి రాకపోతే ఆ కప్పు దాకా గ్రీజు పోలేదన్నమాట. జారే గొట్టాలకూ గ్రీజు పూశాను. ఈ గొట్టాలను ఎవరూ పట్టించుకోరు, కానీ అవి బిగుసుకుంటే పైన చెప్పిన గుద్దుడే మళ్లీ మొదలవుతుంది.

షాఫ్టు తొడుగు ఒకచోట పగిలి ఉంది, గొలుసు తెగి ఉంది. రెండూ కొత్తవి. పీటీఓ 540 అంటే సెకనుకు 9 చుట్లు. లుంగీ అంచో, తువ్వాలో అందులో పడితే ఒక్క సెకనులో మనిషిని లాక్కుంటుంది. తొడుగు తిరగకుండా నిలబడాలి, అందుకే ఆ గొలుసు. తొడుగు లేకుండా ఈ షాఫ్టు మా ఇంట్లో ఇక తిరగదు.

ఐదు, ఆరు రోజులు: గేర్‌బాక్స్

నీళ్లు ఎక్కడినుంచి దిగాయో తెలియకుండా కొత్త ఆయిల్ పోస్తే ప్రయోజనం లేదు. పై గాలి రంధ్రం మూత బాగానే ఉంది. అనుమానం అడుగు సీల్ మీదికి వెళ్లింది.

పళ్లెం ఊడదీయడానికే సగం రోజు పట్టింది. నట్టు వదులవకుండా అడ్డంగా ఉండే కాటర్ పిన్ను విరిచి, పెద్ద నట్టు విప్పి, పుల్లర్ బిగించి, వదిలేసి, మళ్లీ బిగించి... సాయంత్రానికి టప్‌మని ఊడింది. షాఫ్టు చుట్టూ సీల్ కింద నల్లటి ఉండ. కత్తితో విప్పితే అందులో బైండింగు తీగ, ప్లాస్టిక్ తాడు, గడ్డి నార. కోసేటప్పుడు పొలంలో పడి ఉన్న తీగ పళ్లెం పైకి ఎగబాకి, షాఫ్టుకు చుట్టుకుని, సీల్ పెదవిని రంపంలా కోసింది. ఆయిల్ అటునుంచి బయటికి కారింది, కడిగిన నీళ్లు అటునుంచే లోపలికి వెళ్లాయి. ఆ తీగ ముక్కను పారేయకుండా గోడకు మేకు కొట్టి తగిలించాను. పొలంలో తీగ కనబడితే దిగి తీయకుండా పోయే ప్రతివాళ్లూ చూడాలి.

సీల్ తీశాక షాఫ్టును వేలి గోరుతో తడిమాను. పాత పెదవి తిరిగిన చోట సన్నటి గాడి పడింది. కొత్త సీల్ పెదవి అదే గాడిలో కూర్చుంటే రెండు వారాల్లో మళ్లీ కారుతుంది. లోపల చోటు ఉంది కాబట్టి కొత్త సీల్‌ను రెండున్నర మిల్లీమీటర్లు తేడాగా, షాఫ్టు నున్నగా ఉన్న చోట పెదవి ఆనేలా కూర్చోబెట్టాను. స్ప్రింగు ఉన్న వైపు ఆయిల్ వైపుకు. పెదవికి గ్రీజు రాసి, సీల్ అంచంతా సరిగ్గా ఆనే పైపు ముక్క పెట్టి, చుట్టూ సమంగా తట్టాను. ఒకే వైపు కొడితే వంకరగా దిగుతుంది, అది కంటికి కనబడదు, ఆయిలే చెబుతుంది.

గేర్‌బాక్స్‌ను మోవర్ నుంచి దించి, బేరింగులు చేత్తో తిప్పి చూశాను. కింది బేరింగులో గరుకు ఉంది. నీళ్లు కలిసిన ఆయిల్‌లో ఎన్నాళ్లు తిరిగిందో. మార్చాను. గేరు పళ్లు ఒక్కొక్కటీ టార్చి వేసి చూశాను, కొనలు పూర్తిగా ఉన్నాయి. ఈ పళ్లు బతికినందుకు నాకు ఎంత ఊరట కలిగిందో మాటల్లో చెప్పలేను. ఇన్‌పుట్ షాఫ్టును పట్టుకుని అటూ ఇటూ తిప్పితే ఆట (వదులు) కొద్దిగానే ఉంది, మాన్యువల్ ఇచ్చిన హద్దులోనే.

ఆయిల్ 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్, లెవెల్ ప్లగ్గు దాకా. గేర్‌బాక్స్‌ను చదునుగా నిలబెట్టి పోసి, పావుగంట ఆగి, మళ్లీ చూసి కొద్దిగా పోశాను. గేర్‌బాక్స్‌ను బల్ల మీద రెండు దిమ్మెల మధ్య పెట్టి కింద అట్టముక్క పరిచాను, రాత్రంతా అలాగే. పొద్దున అట్ట పొడిగా ఉంది.

ఏడో రోజు: పగులు

గేర్‌బాక్స్ బయటే ఉంది కాబట్టి వెల్డింగుకు ఇదే సమయం. గేర్‌బాక్స్ మీద ఉండగా వెల్డింగు చేస్తే కరెంటు బేరింగుల గుండా పోయి రోలర్ల మీద చిన్న చిన్న మచ్చలు పెడుతుంది, వేడికి సీల్స్ కాలతాయి. మోవర్ ట్రాక్టరుకు తగిలించి ఉంటే ఆల్టర్నేటరుకూ ప్రమాదమే.

పగులు ఎక్కడిదాకా పోయిందో కంటితో తెలియదు. పెయింటు గీకేసి, ఆ చోట కిరసనాయిలు రాసి, కాసేపు ఆగి, గుడ్డతో పూర్తిగా తుడిచేసి, సుద్దపొడి చల్లాను. ఐదు నిమిషాల్లో పగులులో దాక్కున్న కిరసనాయిలు పైకి వచ్చి తెల్లటి సుద్ద మీద నల్లటి గీత గీసింది. కనబడిన పగులు అరచేతి పొడవు. సుద్ద చూపించిన పగులు దానికి ఇంకో మూడు వేళ్లు ఎక్కువ, పైగా ఒకచోట రెండుగా చీలింది. పాత పద్ధతే, కానీ నాకు ఇది ఎంతో నచ్చుతుంది. వెల్డింగుకు ముందు ఆ చోట శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరనిచ్చాను.

గీత ఆగిన మూడు చోట్లా 6 మిల్లీమీటర్ల రంధ్రం వేశాను. పగులు కొన సూదిలా ఉంటుంది, బలమంతా అక్కడే పోగవుతుంది. గుండ్రటి రంధ్రం పడితే ఆ బలం చుట్టూ చెదిరి, పగులు ముందుకు పోకుండా ఆగుతుంది. తర్వాత గ్రైండరుతో పగులు పొడవునా వి ఆకారంలో గాడి తీశాను. పైపైన వెల్డింగు పోస్తే లోపల పగులు అలాగే ఉంటుంది, పది గంటల పనిలో మళ్లీ పైకి వస్తుంది.

వెల్డింగు రాడ్డు 7018 రకం. ఇది తేమను పీల్చుకుంటుంది, తేమ ఉన్న రాడ్డుతో వేసిన వెల్డింగు తర్వాత పగులుతుంది. అందుకే డబ్బా అప్పుడే తెరిచాను. ఒకేసారి పొడవునా లాగకుండా రెండు అంగుళాలు ఒకవైపు, రెండు అంగుళాలు ఇంకోవైపు, మధ్యలో చెయ్యి పెట్టగలిగేంత చల్లారనిస్తూ వేశాను. లేకపోతే వేడికి రేకు వంకర పోయి గేర్‌బాక్స్ సమంగా కూర్చోదు. గేర్‌బాక్స్ పాదాల కింద రెండు బోల్టు రంధ్రాలు కోలగా అరిగి ఉన్నాయి. వాటిని వెల్డింగుతో నింపి మళ్లీ డ్రిల్ చేశాను.

పైన ఒక పట్టీ వేశాను, మూలలు గుండ్రంగా కోసి. చదరపు పట్టీ వేస్తే దాని మూల దగ్గర కొత్త పగులు మొదలవుతుంది, పాత పట్టీలు వేసిన చాలా మోవర్లలో చూశాను. పట్టీ రేకు కంటే బాగా మందంగా ఉండకూడదు. మరీ మందమైతే పట్టీ కదలదు, దాని అంచున ఉన్న పల్చటి రేకే వంగి వంగి విరుగుతుంది.

స్కిడ్లు (మోవర్ నేల మీద జారడానికి పక్కల ఉండే పాదాలు) అరిగి ఉంటే అడుగున పట్టీలు వేశాను. పెయింటు. అంతే, ఆ రోజుకు.

తొమ్మిదో రోజు: బిగింపు

గేర్‌బాక్స్ పెట్టి నాలుగు బోల్టులూ టార్క్ వేసి, ప్రతి నట్టు మీద నుంచి రేకు మీదికి పసుపు పెయింటుతో ఒక గీత గీశాను. నట్టు వదులైతే గీత విరిగి కనబడుతుంది, పానా అక్కర్లేదు. తర్వాత కింద పళ్లెం తిరిగి వేసి, నట్టు టార్క్ ప్రకారం బిగించి, కొత్త కాటర్ పిన్ను వేశాను. పాత పిన్ను మళ్లీ వంచి వాడకూడదు.

షియర్ బోల్టుకు ముందు ఇంకో పని. ఇన్‌పుట్ షాఫ్టుకూ యోక్‌కూ మధ్య కూడా తుప్పు పట్టి ఉంది. అక్కడ పట్టేసుకుంటే సరైన బోల్టు వేసినా, అది తెగినా, యోక్ ఖాళీగా తిరగదు. షాఫ్టును తీగబ్రష్‌తో రుద్ది, గ్రీజు పూసి, యోక్ చేత్తో సులువుగా తిరుగుతోందో లేదో చూసుకున్నాకే 4.6 బోల్టు వేశాను. అలాంటివే ఐదు బోల్టులు, నట్లు ఒక డబ్బాలో పెట్టి, ఒక పంచ్, చిన్న సుత్తి, రెండు పానాలతో కలిపి ట్రాక్టరు టూల్ బాక్సులో ఉంచాను. పొలంలో సరైన బోల్టు దగ్గర లేకపోవడమే నా చేత ఆ తప్పు చేయించింది.

షియర్ బోల్టుకు బదులు స్లిప్ క్లచ్ (దెబ్బ తగిలితే తెగకుండా జారే ప్లేట్లు) ఉన్న మోవర్లు ఉంటాయి. వాటికి వేరే రోగం. కొన్ని నెలలు వాడకుండా ఉంచితే క్లచ్ ప్లేట్లు తుప్పుతో అంటుకుపోతాయి, అప్పుడు అవి జారవు. సీజను మొదట్లో స్ప్రింగు నట్లు వదులు చేసి, ప్లేట్ల అంచు మీద సుద్దతో గీత గీసి, పీటీఓను రెండు మూడు సెకన్లు వేసి ఆపి, గీతలు పక్కకు జరిగాయో లేదో చూడాలి. జరిగితే స్ప్రింగును మాన్యువల్ చెప్పిన పొడవుకు తిరిగి బిగించాలి. జరగకపోతే విప్పి శుభ్రం చేయాలి.

వెనక గొలుసుల తెరలో మూడు గొలుసులు లేవు. వేశాను. బ్లేడు కింద పడిన రాయి వంద మీటర్ల దాకా ఎగరగలదు, ఈ గొలుసులు దాన్ని కిందికి కొట్టేస్తాయి.

పదో రోజు: పొలంలో

పొద్దున్నే ఇద్దరం కోయాల్సిన చోటంతా నడిచాం. మొద్దులకు, రాళ్లకు పక్కన కర్రలు పాతి ఎర్ర గుడ్డలు కట్టాం. తీగ ముక్కలు రెండు దొరికాయి, ఒక ప్లాస్టిక్ తాడు దొరికింది. గంటన్నర పట్టింది. ఆ గంటన్నరను ఇకనుంచి కోతలో భాగంగానే లెక్కపెట్టుకుంటాను.

మోవర్ ముందు అంచు వెనక అంచు కంటే 20 మిల్లీమీటర్లు కిందికి ఉండేలా టాప్ లింకు (మోవర్‌ను పైన ట్రాక్టరుకు కలిపే కడ్డీ) సర్దాం. చదునుగానో వెనక్కి వాలుగానో ఉంటే కోసిన గడ్డినే మళ్లీ మళ్లీ కొడుతుంది, ఇంజిను మీద బరువు పడుతుంది.

"అన్నా, వేసేదా?" అన్నాడు తమ్ముడు. ముందు తక్కువ ఆర్‌పీఎంలో పీటీఓ వేయమన్నాను. పూర్తి వేగంలో ఉన్నప్పుడు వేస్తే ఆ ఒక్క కుదుపే షియర్ బోల్టును సగం నలుపుతుంది. నెమ్మదిగా తిరగడం మొదలైంది, వాడు క్రమంగా 540కి పెంచాడు. నేను పక్కకు, దూరంగా నిలబడి విన్నాను. గరగర లేదు. ఒకే స్వరం. వాడు సీటు మీద నుంచి బొటనవేలు ఎత్తి చూపించాడు, అదురు లేదని.

రెండు గంటలు బాగా సాగింది. మూడో గంటలో, మేము గుర్తు పెట్టని చోట, మట్టిలో కూరుకుపోయిన రాయి తగిలింది. టక్‌మన్న చిన్న శబ్దం, అంతే. ఇంజిను మామూలుగా తిరుగుతోంది, బ్లేడ్లు ఆగిపోయాయి.

వాడు దిగి కంగారుగా పరుగెత్తుకొచ్చాడు. పీటీఓ ఆపి, ఇంజిను ఆపి, తాళం తీశాక ఇద్దరం చూశాం. 4.6 బోల్టు రెండు వైపులా శుభ్రంగా తెగి ఉంది. షాఫ్టు పట్టుకుని తిప్పితే యోక్ గ్రీజు మీద జారుతూ తిరిగింది. బ్లేడ్లు రెండూ వెనక్కి ముడుచుకుని ఉన్నాయి, కొనలు సూటిగా ఉన్నాయి. రాయి మీద పడిన తెల్లటి గీత తప్ప ఏ భాగం మీదా ఇంకో గుర్తు లేదు. తమ్ముడు తెగిన ముక్కను పంచ్‌తో తట్టి తీసి, అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు.

"పోయినసారి కూడా ఇదే ఉంటే..." అన్నాడు.

కొత్తది వేసి, రాయిని గడ్డపారతో పెళ్లగించి గట్టు మీద పడేసి, మిగతా కోశాం.

పన్నెండో రోజు

మొత్తం 8 గంటల పని అయింది. గ్రీజు కొట్టాం, నిపుల్ తుడిచాకే. గేర్‌బాక్స్ లెవెల్ ప్లగ్గు విప్పి చూశాను, ఆయిల్ తగ్గలేదు, రంగు తేనెలా ఉంది. వెల్డింగు మీద కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్ద చల్లి చూశాను, గీత రాలేదు. ఒక బ్లేడు బోల్టు నట్టు మీద టార్క్ రెంచి పావు చుట్టు తిరిగింది, కొత్త బోల్టు కూర్చునేటప్పుడు మొదటిసారి అలా వదులవుతుంది. గేర్‌బాక్స్ నట్ల మీద పసుపు గీతలు నాలుగూ కదల్లేదు. వెనక చక్రం పివట్‌లో కొంచెం ఆట కనబడింది. బుష్ కొలత తీసి రాసి పెట్టాను, వచ్చే వారం మార్చాలి.